మసి అంటని రేకు

"నట్లు ఎవరు బిగించారు?"

"నేనే."

"నాలుగూ?"

"నాలుగూ నేనే. ఐదోది ఉంటే అదీ నేనే బిగించేదాన్ని. ఇంకేం కావాలి?"

అడుగుతున్నవాడు డిటెక్టివ్. జవాబు చెబుతున్నది అతని వదిన. డీజిల్ ఇంజన్ల పని తెలిసినవాళ్లలో ఊరంతా ఆమె పేరే ముందు చెబుతుంది, ఎవరూ చెప్పకపోతే ఆమే చెప్పుకుంటుంది. ఎప్పుడూ ఇంజన్ల మోతతో దద్దరిల్లే ఆమె వర్క్‌షాపులో ఇవాళ చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. పనివాళ్లను పంపేశారు. వర్క్‌షాపుకు సీలు వేయడానికి చేతిలో తాళం, బల్ల మీద లక్క పెట్టుకుని బీమా ఆఫీసరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆ ఆఫీసరుకు 'అర్జంటు' అని పేరు. ఏ కేసు చేతికొచ్చినా సాయంత్రంలోగా తేల్చేయాలంటాడు, చాలాసార్లు తేల్చేస్తాడు కూడా. ఇదివరకు రెండు కేసుల్లో డిటెక్టివ్ అతన్ని అందరిముందూ తప్పని నిరూపించాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

కేసు చూడబోతే అతనికి అరటిపండు ఒలిచినంత సులువుగా ఉంది. డిటెక్టివ్‌కు అన్న, ఆ వదిన మొగుడు, లారీ డ్రైవరు. మొన్న పొద్దున లారీ నిండా ఖరీదైన మందుల పెట్టెలు వేసుకుని బయల్దేరాడు. కొండదారిలో ఒక మలుపు దగ్గర లారీ ఆగిపోయి కనిపించిందని ఒక క్రేన్ డ్రైవరు ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే లారీ ఉంది, మందులు లేవు, అన్న లేడు. ఆ క్రేన్‌తోనే లారీని లాగించుకొచ్చి బీమా కంపెనీ యార్డులో పెట్టారు. నిన్న యార్డు ఇన్‌ఛార్జి ఇంజన్ చూసి రిపోర్టు రాశాడు. ఇంజన్ నుంచి టర్బోకి, అంటే పొగ ఊపుతో తిరిగి ఇంజన్‌కు బలమిచ్చే చక్రానికి, పొగ తీసుకెళ్లే పైపు జాయింటు దగ్గర నట్లు వదులుగా ఉన్నాయట, లోపల సందు మూసే ప్యాకింగ్ చిరిగిందట. పొగంతా మధ్యలోనే బయటికి పోయి, టర్బో తిరగక, ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయిందట. బయల్దేరడానికి ముందురోజే ఆ జాయింటు బాగుచేసింది డ్రైవరు పెళ్లాం.

"పెళ్లాం కావాలనే వదులుగా బిగించింది, మొగుడు అనుకున్నచోట బండి ఆపాడు, అక్కడ కాచుకున్నవాళ్లకు సరుకు అప్పజెప్పి తనూ ఉడాయించాడు. ఇందులో మీరు పరిశోధించడానికి ఏముందండీ?" అన్నాడు ఆఫీసరు. సాయంత్రం రిపోర్టు పోలీసులకు ఇచ్చేస్తానని, ఆవిడని వాళ్లే వచ్చి తీసుకెళ్తారని కూడా చెప్పాడు.

డిటెక్టివ్ అతని వైపు తిరగలేదు. వదినను మొదటినుంచీ మళ్లీ చెప్పమన్నాడు. ఆమె విసుక్కుంటూనే చెప్పింది. పాత ప్యాకింగ్ తీసి పారేసింది. రెండువైపులా జాయింటు ముఖాలు గీకి, గాజుపలక పెట్టి చూసినా సందు కనపడనంత చదును చేసింది. కొత్త ప్యాకింగ్ పెట్టి, నట్లు ఎక్కే స్టడ్ల మరలకు పేస్టు పూసి, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించింది. ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పి, చల్లారాక మరోసారి బిగించింది. కొత్త ప్యాకింగ్ మొదటి వేడికి అణుగుతుంది కాబట్టి ఆ రెండో బిగింపు వేయకపోతే పని చేసినట్టే కాదని ఆమె సిద్ధాంతం. ఆ తర్వాత సైలెన్సర్ మూతిలోంచి టైర్లకు కొట్టే గాలి పెట్టి జాయింటు చుట్టూ సబ్బునీళ్లు పూసింది.

"ఒక్క బుడగ వస్తే ఒట్టు. నేను బిగించిన జాయింటు వదులవడమేంటి? నన్ను దొంగ అనమను, పడతాను. పని రానిదాన్ని అంటే మాత్రం ఊరుకోను."

"అన్నతో గొడవేమైనా పడ్డావా వదినా?"

"రోజూ పడతాను. మొన్నా పడ్డాను. గొడవపడని రోజు ఆయనకి అన్నం సయించదు."

వదిన చేతిలో ఉన్న గుడ్డపీలికతో ఎప్పుడో శుభ్రమైపోయిన చేతులను మళ్లీ తుడుచుకుంది. తర్వాత మరిది ముఖంలోకి సూటిగా చూసి అడిగింది.

"ఆ నట్లూ మందులూ ఎటైనా పోనీ. ఆయన ఉన్నాడా, లేడా? అది చెప్పు ముందు."

మొన్నటినుంచీ డిటెక్టివ్ గుండెల్లో కూడా అదే ప్రశ్న మెదులుతోంది. ఆమెకు అబద్ధం చెప్పలేక, బండి చూద్దాం పద అన్నాడు. ఆవిడ కూడా వచ్చి తాను బిగించిన నట్లేవో గుర్తుపట్టి చెప్పాల్సిందేనని ఆఫీసరు పట్టుబట్టాడు. డిటెక్టివ్‌కూ కావలసింది అదే. ముగ్గురూ ఆఫీసరు కారులోనే బయల్దేరారు.

బీమా కంపెనీ యార్డు ఒకప్పటి రాళ్ల క్వారీ గుంట. గేటు పైన ఉంటుంది, బళ్లు ఏటవాలు దారిన కిందికి దిగాలి. జప్తు చేసిన లారీలు, నుజ్జయిన కార్లు వరసలుగా పెట్టి ఉంటాయి. ఆ గుంటకు రాజు, మంత్రి, కాపలావాడు అన్నీ యార్డు ఇన్‌ఛార్జే. బొద్దుగా ఉండే మనిషి, మాటకు ముందో 'అండి', తర్వాతో 'అండి'. వీళ్లను చూడగానే కుర్చీలు తుడిచి వేశాడు. డిటెక్టివ్ కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"లారీ ఇక్కడికి ఎప్పుడొచ్చింది?"

"మొన్న మధ్యాహ్నమండి. అప్పుడు ఆఫీసరుగారు కూడా ఇక్కడే ఉన్నారండి."

"మీరు ఇంజన్ చూసింది?"

"నిన్న పొద్దునండి."

"మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారండి, తాళాలన్నీ నా దగ్గరే ఉంటే."

"మరి మీరు?"

"నేనూ పానా పెట్టలేదండి. సాక్ష్యం కదండి. టార్చి వేసి చూశానంతే. సందులోంచి చిరిగిన ప్యాకింగ్ కనపడుతూనే ఉందండి."

మెకానిక్ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, తాను నేర్చుకోలేదని, ఇదివరకు గోడౌన్ చూసేవాణ్ణని, ఇక్కడికొచ్చాక చూసి చూసి నాలుగు ముక్కలు తెలిశాయని చెప్పాడు. డిటెక్టివ్ తలూపాడు. పానా పెట్టలేదన్న మాట ఆఫీసరు ముందు మరోసారి చెప్పించి, లారీ ఎక్కడుందో చూపించమన్నాడు.

లారీ రేకుల షెడ్డు కింద ఉంది. క్యాబిన్ ముందుకు వంచి ఇంజన్ బయటపెట్టారు. క్రేన్ లాక్కొచ్చిన దారిలో కొత్త రోడ్డు వేస్తున్నారు. అక్కడి తెల్లటి సున్నపుదుమ్ము ఇంజన్ మీదంతా సన్నగా పేరుకుని ఉంది. డిటెక్టివ్ టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం తీసి పక్కకు వంగాడు. వదిన అతని భుజం మీదుగా తొంగిచూసింది. ఆఫీసరు చేతులు కట్టుకుని, చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

ఇన్‌ఛార్జి రాసినదాంట్లో ఒక ముక్క నిజమే. పైపు టర్బోను కలిసేచోట సందు ఉంది. వేలిగోరు దూరుతుంది. లోపలినుంచి కాలి నల్లబడ్డ ప్యాకింగ్ అంచు చిరిగి వేలాడుతోంది. వదిన ఒక్కసారి దాన్ని చూసి, ఇది నేను పెట్టింది కాదు అంది. ఆమాట అందరూ అనేదే అన్నాడు ఆఫీసరు.

డిటెక్టివ్ జాయింటును వదిలేసి దాని ఎదురుగా ఉన్న రేకు మీద టార్చి వేశాడు. పైపు వేడి క్యాబిన్‌కు తగలకుండా అడ్డంగా బిగించే రేకు అది. జాయింటుకు జానెడు దూరం కూడా లేదు.

"సార్, ఇలా రండి. ఈ రేకు ఏ రంగులో ఉంది?"

"తెల్లగా ఉంది. దుమ్ము."

"వేలితో తుడిచి చూడండి."

ఆఫీసరు అయిష్టంగానే తుడిచాడు. దుమ్ము కింద రేకు రేకులాగే మెరిసింది.

నిండు లోడుతో బండి ఎత్తెక్కుతుంటే ఆ పైపులో పొగ ఎంత ఒత్తిడితో కొడుతుందో డిటెక్టివ్ అతనికి వివరించాడు. గోరు దూరే సందు ఉంటే అక్కడినుంచి మసి చిమ్మి, ఎదురుగా ఉన్న రేకు పొయ్యిమీది గిన్నె అడుగులా నల్లబడాలి. బండి ఆగిపోయేదాకా ఈ సందులోంచి పొగ పోయిందని కదా రిపోర్టు. మరి ఆ మసి ఏది?

"జాయింటు చివరి నిమిషంలో అకస్మాత్తుగా వదులైందేమో."

"అకస్మాత్తుగా వదులైతే మసి కూడా అకస్మాత్తుగా అంటుతుంది సార్. దానికేం ముహూర్తాలు ఉండవు. కొండ ఎక్కినంతసేపూ ఈ జాయింటు గట్టిగానే ఉంది."

వదిన ముఖం విప్పారింది. నేను చెప్పలేదా అన్నట్టు ఆఫీసరు వైపు చూసింది. ఆమె పని మీద మచ్చ పోయింది, ఆ క్షణాన ఆమెకు అదే చాలా గొప్పగా అనిపించింది.

డిటెక్టివ్ ఒక నట్టు కింద బయటికి కనపడుతున్న మరల మీద వేలు రాశాడు. వేలికి బూడిదరంగు జిడ్డు అంటింది. మరలు వేడికి కరుచుకుపోకుండా పూసే పేస్టు. వదిన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తాను వాడేది రాగిరంగుదని, ఇది వేరే రకమని చెప్పింది. అదీకాక తాను పూసి మూడురోజులైంది. ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కితే పేస్టులో నూనె ఆవిరైపోయి పొడి మాత్రమే మిగులుతుంది, ఇది ఇంకా తడిగా ఉందేమిటంది.

"అంటే?" అన్నాడు ఆఫీసరు. ఈసారి గడియారం చూసుకోలేదు.

"అంటే ఈ నట్లు ఊడదీసి మళ్లీ పెట్టింది ఇంజన్ ఆగి, చల్లారిన తర్వాత. అప్పటినుంచీ ఇంజన్ తిరగలేదు," అన్నాడు డిటెక్టివ్.

అనేశాక గాని ఆ మాట ఎటు తిరుగుతుందో అతనికి తట్టలేదు. ఆఫీసరుకు వెంటనే తట్టింది. అతని ముఖంలో నవ్వు నెమ్మదిగా పాకింది.

"చాలా సంతోషమండీ. కొండమీద బండి ఆగాక, ఇంజన్ చల్లారేదాకా దాని దగ్గరున్నది ఎవరు? మీ అన్నగారు. బండి పాడైందని నమ్మించడానికి తనే నట్లు విప్పి, పాత ప్యాకింగ్ పెట్టి పోయాడన్నమాట. మీ వదినగారిని వదిలేస్తాను. రిపోర్టులో పేరు ఒక్కటే మారుతుంది."

వదిన ముఖం పాలిపోయింది. "ఇందుకేనా నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది?" అని మరిదిని అడిగింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. డిటెక్టివ్‌కు తల కొట్టేసినట్టయింది. ఒకరిని బయటపడేయబోయి, ఇంకొకరి మెడకు తన చేత్తోనే తాడు తగిలించాడు. అన్న అలాంటివాడు కాదని తనకు తెలుసు, కానీ తనకు తెలియడం సాక్ష్యం కాదు.

"మీరు కుటుంబానికి పనిచేస్తున్నారు, నేను కంపెనీకి పనిచేస్తున్నాను," అన్నాడు ఆఫీసరు. "తమ్ముడు అన్నని వెనకేసుకురావడంలో తప్పులేదు. దానికి పరిశోధన అని పేరు పెట్టకండి, అంతే."

కోపం వస్తే డిటెక్టివ్ కళ్లకు పని చెబుతాడు. మళ్లీ వంగి, టార్చిని ఈసారి ఏటవాలుగా పట్టి, జాయింటు చుట్టూ నింపాదిగా చూశాడు. దుమ్ము అన్నిచోట్లా ఉంది. పైపు మీద, రేకు మీద, టర్బో మీద. నట్ల చుట్టూ మాత్రం లేదు. అక్కడ నాలుగు వేళ్లతో తుడిచిన చారలు స్పష్టంగా ఉన్నాయి.

"సార్, ఈ సున్నపుదుమ్ము ఎక్కడిది?"

"కొత్త రోడ్డుది. క్రేన్ లాక్కొస్తుంటే పడింది."

"దుమ్ము పడింది కొండ దిగాక. మరి నట్ల మీద దుమ్ము ఎవరు తుడిచారు? ఎప్పుడు తుడిచారు?"

మొన్న లారీ యార్డుకు రాగానే మీరు ఫోటోలు తీసే ఉంటారే అన్నాడు డిటెక్టివ్. తీయకపోవడమేమిటి, తాను తీయని ఫోటో ఉండదు అంటూ ఆఫీసరు రోషంగా ఫోన్ బయటికి తీశాడు. ఇంజన్ ఫోటో వెతికి పెద్దది చేశాడు. ఫోటోలో జాయింటు దగ్గర నాలుగు నట్లూ ఉన్నాయి. నాలుగింటి మీదా తెల్లటి దుమ్ము పరిచినట్టు ఉంది. సందన్నది లేదు.

ఇంజన్ దగ్గర ఇప్పుడు ఉన్నవి మూడు నట్లే. నాలుగో చోట విరిగిన స్టడ్డు మొండెం ఉంది.

అంతదాకా వెనక నిలబడి వింటున్న ఇన్‌ఛార్జి, ఎండగా ఉందండి, మంచినీళ్లు తెస్తానండి అని గొణిగి షెడ్డు బయటికి నడిచాడు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదు.

"మా యార్డులోనా?" అన్నాడు ఆఫీసరు. "మా యార్డులో ఇలా జరగడానికి వీల్లేదు. మీరే ఎవరిచేతో—"

"ఫోటో మీది. యార్డు మీది. తాళాలు మీ మనిషివి. ఇందులో నావాడు మా అన్న ఒక్కడే," అన్నాడు డిటెక్టివ్.

ఆఫీసరుకు ముక్కు మీద కోపం ఉంటే ఉండొచ్చుగాని కళ్లముందున్నదాన్ని కాదనే రకం కాదు. ఎర్రబడ్డ ముఖంతోనే కోటు విప్పి పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఇంకేం చూడాలో చూపించండి అన్నాడు. అతని మీద డిటెక్టివ్‌కు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

చూడాల్సింది ఆ విరిగిన స్టడ్డు. విరిగినచోట లోహం కొత్తగా మెరుస్తోంది, తుప్పు చుక్క లేదు. దాని పక్కనే పానా జారి చెక్కుకుపోయిన గీతలున్నాయి. కొలత సరిపోని పానాతో ఎవరో బలమంతా పెట్టి తిప్పి విరగ్గొట్టారు. మిగతా మూడూ అలా లేవు. మూలలు చెక్కుచెదరలేదు, మరలు శుభ్రం చేసి, పేస్టు పూసి పెట్టారు. ఒకడు మొదలుపెట్టి చేతకాక చెడగొట్టాడు, తర్వాత పని తెలిసిన ఇంకొకరు వచ్చి పూర్తిచేశారు. పాడుచేయడానికి విప్పిన నట్లకు ఎవరైనా పేస్టు పూస్తారా? ఈ పనికి అలవాటుపడ్డ చెయ్యి పూస్తుంది. కరుచుకుపోయిన స్టడ్డును గ్యాస్ మంట పెట్టి కోసిన కష్టం తెలిసినవాళ్లు మరలను పొడిగా వదలలేరు.

"నాకు తెలిసి ఎవరికీ మనసొప్పదు," అంది వదిన. "అద్దం ఇలా ఇవ్వు."

ఆమె అద్దం తీసుకుని పైపు కిందికి చెయ్యి దూర్చింది. పైనుంచి కొస మాత్రమే కనపడే మూడో నట్టు అక్కడుంది. అద్దం తిప్పి చూసింది. మళ్లీ చూసింది. ఉన్నట్టుండి ఆమె నవ్వు మొదలుపెట్టింది. ఆ వెంటనే కళ్లల్లోంచి నీళ్లు జలజలా కారాయి. ఆఫీసరు కంగారుపడి డిటెక్టివ్ వైపు చూశాడు.

"ఏమైంది వదినా?"

"నట్టు తిరగేసి పెట్టాడు."

ఈ జాయింటుకు వాడే నట్టుకు ఒకవైపు గొడుగు అంచులా వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పు వైపు లోపలికి, పైపును ఆనుకుని ఉండాలి. ఈ నట్టుకు అది బయటికి ఉంది. ఈ పని ఒక్కరోజు చేసినవాళ్లు కూడా అలా పెట్టరు. పెళ్లయిన కొత్తలో ఆమె మొగుడికి పని నేర్పుతూ మొదటి జాయింటు అప్పజెబితే, అతను నాలుగు నట్లూ శ్రద్ధగా తిరగేసి బిగించాడట. ఆమె వారంరోజులు నవ్వింది. పక్కింటివాళ్లకు చెప్పి నవ్వింది, అత్తగారికి చెప్పి నవ్వింది. అప్పటినుంచీ గొడవ తనదే తప్పని ఒప్పుకోవలసి వచ్చినప్పుడల్లా అతను నోటితో చెప్పడు. ఆమె బల్ల మీద నట్టొకటి తిరగేసి పెట్టిపోతాడు.

"లోకంలో ఇంకెవరికీ తెలియదు ఇది," అంది వదిన. "నీకు తెలుసా?"

"నాకూ తెలియదు," అన్నాడు డిటెక్టివ్.

"నేను వచ్చి చూస్తానని తెలుసు ఆయనకి. నా పని బాగాలేదంటే నేను చూడకుండా ఊరుకోనని తెలుసు."

మొన్న మధ్యాహ్నం ఫోటో తీసినప్పుడు ఈ నట్లు ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత, ఈ గేటు లోపల, అన్న చెయ్యి వీటిమీద పడింది. అంటే దోపిడీ జరిగాక కూడా అన్న ప్రాణాలతో ఉన్నాడు. పారిపోయినవాడు తిరిగొచ్చి బీమా యార్డులో నట్లు బిగించడు. ఎవరో బలవంతంగా చేయించారు. రెండురోజులుగా గుండెమీద కూర్చున్న బండరాయిని ఎవరో పక్కకు జరిపినట్టయింది డిటెక్టివ్‌కు.

"ఉన్నాడు వదినా," అన్నాడు. పొద్దున ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడు ఇవ్వగలిగాడు. "బతికే ఉన్నాడు. ఇక్కడే ఎక్కడో ఉన్నాడు."

ఆఫీసరు ఫోన్ తీసి పోలీసులను రమ్మన్నాడు. మాట పూర్తిచేసి చుట్టూ చూశాడు. మంచినీళ్లకని వెళ్లిన ఇన్‌ఛార్జి తిరిగి రాలేదు.

డిటెక్టివ్ మాత్రం ఆ చిరిగిన ప్యాకింగ్ అంచునే చూస్తున్నాడు. ఒక సంగతి అతనికి ఇంకా మింగుడుపడలేదు. కొత్త ప్యాకింగ్ తీసేసి కాలిపోయిన పాతది పెట్టాలంటే, ఆ పాతది ఎక్కడినుంచో రావాలి కదా. వదిన తీసిన పాతది ఆమె చెత్తబుట్టలోనే ఉంది, పొద్దున అతనే చూశాడు.

"ఈ కొలత ప్యాకింగ్ ఏ బండికైనా వస్తుందా?"

"ఎలా వస్తుంది? ఇదే రకం ఇంజన్‌దై ఉండాలి."

"ఈ యార్డులో ఇదే రకం ఇంజన్ ఉన్న బండి ఇంకేదైనా ఉందా సార్?"

ఆఫీసరు జవాబిచ్చేలోగా వెనక వరసలోంచి ఒక ఇంజన్ మోత మొదలైంది. జప్తులో ఉన్న నీలంరంగు మూతలారీ ఒకటి వరసలోంచి విదిలించుకుని బయటికొచ్చి, గేటు వైపు ఏటవాలు దారి పట్టింది. వెనక తలుపులకు కొత్త తాళం వేలాడుతోంది. అన్న లారీలోంచి మాయమైన మందుల పెట్టెలు ఈ రెండురోజులూ ఎక్కడున్నాయో డిటెక్టివ్‌కు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. దొంగసొత్తును వెతికేవాళ్ల సొంత పెరట్లో ఎవరు వెతుకుతారు?

అతను పరుగందుకోబోయాడు. వదిన అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తల పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి వింటోంది. ఇంజన్ మోతలో ఫట్‌ఫట్‌మని తెగిపోతున్న చప్పుడు కలిసి ఉంది. లారీ ఎత్తు మొదలుపెట్టగానే కింది భాగమంతా దట్టమైన నల్లపొగ కమ్మేసింది.

"టర్బో ముందు జాయింటు పొగ ఊదేస్తోంది," అంది. "ప్యాకింగ్ అసలు లేనే లేదు అందులో. ఇది గేటు దాకా ఎక్కదు."

డిటెక్టివ్‌కు అప్పుడు మొత్తం అర్థమైంది. వాళ్లు పాత ప్యాకింగ్ కావాలంటే అన్న దాన్ని ఈ లారీలోంచే తీసిచ్చాడు. పల్చటి రేకుచుట్టు ముక్క, అది లేకపోతే ఏమవుతుందో గోడౌన్ చూసుకున్న మనిషికి తెలియదు. తనను ఎక్కించుకుపోబోయే బండి కాళ్లను అన్న ముందే విరిచి పెట్టాడు. కట్టేసి ఉన్నా, ప్రాణం మీదికి వచ్చినా, ఆ బుర్ర పనిచేస్తూనే ఉంది. డిటెక్టివ్‌కు అన్న మీద ఎన్నడూ లేనంత గర్వం పొంగుకొచ్చింది.

లారీ సగం ఎత్తు దాకా ఈడ్చుకుంటూ వెళ్లింది. గేరు మార్చబోయినవాడికి గేరు పడలేదు. బండి ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, ఆగిపోయింది. బ్రేకు పట్టుకుంది. నల్లపొగ పల్చబడుతుంటే ముగ్గురూ ఎత్తెక్కి పరుగెత్తారు. అందరికంటే ముందు ఆఫీసరు పరుగెత్తాడు.

వాళ్లు చేరేసరికి మూతలారీ లోపలినుంచి చప్పుడు వినపడింది. ఎవరో మడమలతో తలుపును తంతున్నారు.

వదిన తాళం దగ్గరికి వెళ్లింది. అదే సమయానికి ముందు క్యాబిన్ తలుపు ఒకవైపు తెరుచుకుని ఇన్‌ఛార్జి దిగాడు, చేతిలో ఇనపకడ్డీ ఉంది. ఇప్పుడతని మాటల్లో 'అండి' వినపడే సూచనలు లేవు. రెండోవైపు తలుపు కూడా తెరుచుకుంది. అటునుంచి దిగినవాణ్ణి చూసి ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. కొండమీద లారీ ఆగిపోయి ఉందని ఫోన్ చేసి, దాన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చిన క్రేన్ డ్రైవరు. అతని చేతిలో ఉన్నది కడ్డీ కాదు, తుపాకి.

"నేను వాడిని సాక్షి అని రాశానండీ రిపోర్టులో," అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి.

"తర్వాత దిద్దుదురుగాని. మీరు ఎడమకు జరగండి, మెల్లగా."

ఆఫీసరు జరిగాడు. ఇద్దరూ వదినకూ తుపాకికీ మధ్య అడ్డంగా నిలబడ్డారు. దూరంగా రోడ్డు మీద పోలీసు బండి సైరన్ సన్నగా వినపడుతోంది, కానీ అది ఇంకా చాలా దూరంలో ఉంది. క్రేన్ డ్రైవరు అడుగు ముందుకు వేశాడు, తలుపు దగ్గరనుంచి ఆవిణ్ణి తప్పుకోమని అరిచాడు.

వదిన అటు తిరిగి చూడనే లేదు. నడుముకు దోపుకున్న పెద్ద పానా తీసి తాళంలో దూర్చి, కాలు తన్నిపెట్టి, తలుపు సందుకు నోరు ఆనించింది.

"తన్నకు, కాళ్లు నొప్పెడతాయి," అంది లోపలికి. "తీస్తున్నాను, ఉండు."

లోపల చప్పుడు ఆగిపోయింది. ఆమె బలమంతా పెట్టి పానా తిప్పింది.